డీట్రిక్ బోన్‌హోఫర్

జర్మనీ దేశపు తూర్పు భాగమున నొకప్పుడు బ్రెస్లౌ అను పెద్ద నగరముండెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అది పోలెండు దేశమునకు చెంది వ్రోట్స్వాఫ్ అని పిలువబడుచున్నది. ఆ నగరమున 1906 వ సంవత్సరము ఫిబ్రవరి 4 వ తేదీన ఒక వైద్యుని యింట కవలలు జన్మించిరి. మగశిశువునకు డీట్రిక్ అనియు, ఆడుశిశువునకు సబీన అనియు పేర్లు పెట్టిరి. ఆ దంపతులకు కలిగిన యెనమండుగురు బిడ్డలలో డీట్రిక్ ఆరవవాడు.

తండ్రియైన కార్ల్ బోన్‌హోఫర్ మానసిక వ్యాధుల చికిత్సలో పేరెన్నికగన్న ఆచార్యుడు. 1912 లో ఆయనకు బెర్లిన్ విశ్వవిద్యాలయమున పదవి లభించుటచే కుటుంబమంతయు రాజధానికి తరలివచ్చెను. ఆయన మితభాషి. అర్థములేని మాటగాని, ఆడంబరపు మాటగాని ఆయనకు గిట్టెడిది కాదు. తండ్రి యెదుట నోరు విప్పుటకు ముందు పిల్లలు తాము చెప్పదలచినదేమో చక్కగా నాలోచించుకొనవలసి యుండెను. తల్లి పౌలా ఉపాధ్యాయ పరీక్షయందు ఉత్తీర్ణురాలైన విదుషి. ఆమె బిడ్డలకు తొలి పాఠములు తానే యింట చెప్పెను; బైబిలు కథలను, పాటలను నేర్పెను. ఆమె తండ్రి కొంతకాలము జర్మను చక్రవర్తి కొలువులో మతబోధకుడుగా నుండెను. అయినను ఆ కుటుంబమువారు ప్రతి ఆదివారమును తప్పక చర్చికి పోవువారు కారు.

డీట్రిక్ పియానో చక్కగా వాయించెడివాడు. అతడు సంగీత విద్వాంసుడగునని తలిదండ్రులు తలచిరి. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. 1918 ఏప్రిల్ నెలలో అన్న వాల్టర్ యుద్ధభూమిలో గాయపడి మరణించెను. తల్లి ఆ దుఃఖమునుండి చాలకాలము తేరుకొనలేకపోయెను. వాల్టర్ చదువుకొనిన బైబిలును ఆమె పిమ్మట డీట్రిక్ చేతికిచ్చెను. ఆ ప్రతి ఆయన యొద్ద జీవితాంతము నిలిచియుండెను.

పదునాలుగేండ్ల ప్రాయమున డీట్రిక్ తాను దైవశాస్త్రము చదివెదనని యింటివారికి తెలిపెను. అన్నలు నవ్విరి. ఒక అన్నకు రసాయన శాస్త్రమన్న ప్రీతి. మరియొక అన్నకు న్యాయశాస్త్రమన్న ప్రీతి. క్రైస్తవ సంఘము బలహీనమైనదనియు, విసుగు పుట్టించు సంస్థయనియు వారు వాదించిరి. అట్లైనచో దానిని తానే సంస్కరింతునని తమ్ముడు బదులు చెప్పెను. బాలుని మాట గనుక దానినెవరును పట్టించుకొనలేదు.

ఆయన 1923 లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. మరుసటి యేడు రోమునగరమును దర్శించెను. అచ్చటి సెయింట్ పీటర్స్ దేవాలయమున తెల్లవారు, నల్లవారు, పచ్చని మేనిచాయ గలవారు ఒక్కచోట నిలిచి ఆరాధించుట చూచి ఆ యువకుడు ఆశ్చర్యపడెను. సంఘమనగా జర్మనులది మాత్రమే కాదనియు, ఒక జాతికి, ఒక దేశమునకు అది లోబడియుండదనియు ఆయనకు తోచెను. ఈ తలంపే బెర్లినులో ఆయన రచించిన పరిశోధన గ్రంథమునకు పునాది యయ్యెను. సంఘమనునది భవనమును కాదు, అధికార వర్గమును కాదు; ఒకరి భారమునొకరు మోయుచు జీవించు మనుజుల కూటమియే సంఘమనియు, క్రీస్తు ఆ కూటమి రూపమున లోకములో నుండుననియు ఆ గ్రంథ సారాంశము. 1927 లో దానికి డాక్టరు పట్టము లభించినప్పుడు ఆయన వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు మాత్రమే.

పిదప స్పెయిను దేశమందలి బార్సెలోనాలో జర్మను సంఘమునకు సహాయ బోధకుడుగా కొంతకాలము పనిచేసి, 1930 లో ఉన్నత విద్యకై అమెరికాకు వెళ్ళెను. న్యూయార్కులోని యూనియన్ థియొలాజికల్ సెమినరీ అను వేదశాస్త్ర కళాశాలలో ఆయన నేర్చినదానికంటె ఆ నగరపు వీథులలో నేర్చినదే యెక్కువ. ఫ్రాంక్ ఫిషర్ అను నీగ్రో విద్యార్థి ఆయనకు మిత్రుడయ్యెను. అతడాయనను హార్లెం పేటలోని అబిస్సీనియన్ బాప్టిస్టు చర్చికి తోడ్కొని పోయెను. బోన్‌హోఫర్ అచ్చట ఆదివారపు బడిలో పిల్లలకు పాఠములు చెప్పెను. నల్లవారి భక్తిగీతముల గ్రామఫోను రికార్డులు కొని స్వదేశమునకు తెచ్చుకొనెను. చర్మపు రంగును బట్టి మనుజులను వేరుచేయుట యెంత క్రూరమో ఆయన అచ్చట కన్నులార చూచెను. జాన్ లాసేర్ అను ఫ్రెంచి మిత్రుని సాంగత్యమువలన ఏసుక్రీస్తు కొండమీది ప్రసంగమును కొత్త దృష్టితో చదువనారంభించెను. శత్రువును ప్రేమింపుమనిన ఆజ్ఞ పూజించుటకు కాదు, పాటించుటకే యని ఆయనకు నిశ్చయమయ్యెను. అప్పటికి పదునైదేండ్ల క్రిందటనే యీ మిత్రులిద్దరి దేశములు ఒకదానితో నొకటి ఘోరముగా పోరాడుచుండెనను సంగతి మరువరాదు.

1931 లో స్వదేశమునకు వచ్చి బెర్లిన్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడయ్యెను. ఆ యేడే నవంబరు 15 వ తేదీన గురుపట్టము పొందెను. అప్పుడు బెర్లినులో వెడ్డింగ్ అను కూలీల పేటయందు అల్లరి పిల్లల తరగతి యొకటి ఆయనకు అప్పగింపబడెను. అంతకు ముందున్న వృద్ధ బోధకుడు వారిని అదుపులో నుంచలేకపోయెను. మొదటి దినమున బోన్‌హోఫర్ మెట్లెక్కి వచ్చుచుండగా పిల్లలు పైనుండి చెత్త విసరుచు, ఆయన పేరులోని మొదటి శబ్దమును పట్టుకొని కేకలు వేసిరి. ఆయన కోపగించుకొనలేదు. గోడకానుకొని మౌనముగా నిలుచుండెను. కొంతసేపటికి మెల్లని కంఠముతో హార్లెం పేటలో తాను చూచిన సంగతులు చెప్పసాగెను. ముందు వరుసలోని వారికి మాత్రమే అది వినబడుచుండెను. వెనుకవారు వినగోరి ముందువారిని ఊరకుండుడని గదమాయించిరి. గది నిశ్శబ్దమయ్యెను. ఆచార్యుని కుమారుడైన ఆయన ఆ పిల్లలకు దగ్గరగా నుండవలెనని ఆ పేటలోనే గది యొకటి అద్దెకు తీసుకొనెను. సాయంకాలములందు వారెప్పుడు వచ్చినను తలుపు తెరచియుండెడిది.

1933 జనవరి 30 వ తేదీన హిట్లరు జర్మనీకి ప్రధానాధికారి యయ్యెను. రెండు దినములు గడచిన పిమ్మట బోన్‌హోఫర్ రేడియోలో నాయకత్వమును గూర్చి ప్రసంగించెను. నాయకుడు తన్ను తానే దేవతగా నిలుపుకొనినచో ప్రజలను పెడదారి పట్టించువాడగునని ఆ ప్రసంగ భావము. అది ముగియకముందే ప్రసారము ఆగిపోయెను.

ఏప్రిల్ 1 వ తేదీన యూదుల దుకాణములను బహిష్కరింపవలెనని ప్రభుత్వ పక్షమువారు ఆజ్ఞాపించి వాకిళ్ళయందు కావలివారిని నిలిపిరి. బోన్‌హోఫర్ నాయనమ్మ యూలీకి అప్పుడు తొంబదియేండ్లు. ఆ వృద్ధురాలు కావలివారి నడుమనుండి నడచిపోయి, తనకు కావలసిన సరకు కొనుక్కొని, మరల వారి నడుమనుండియే తిరిగివచ్చెను. యూదవంశీయులెవరును ప్రభుత్వోద్యోగములలో నుండరాదను శాసనము ఆ నెలలోనే వచ్చెను. క్రైస్తవ సంఘములో కూడ అట్టి నిబంధన పెట్టవలెనని హిట్లరు పక్షమున చేరిన బోధకులు కోరిరి.

అప్పుడు బోన్‌హోఫర్ ఒక వ్యాసము రచించెను. రాజ్యము అన్యాయము చేయునప్పుడు సంఘమునకు మూడు విధులు కలవని ఆయన వివరించెను. రాజ్యమును ప్రశ్నించుట మొదటిది. అన్యాయమునకు గురియైనవారు ఏ మతమువారైనను వారికి సాయపడుట రెండవది. బండిచక్రము క్రింద నలిగినవారికి కట్టు కట్టుటతో తృప్తిపడక ఆ చక్రమునే అడ్డుకొనుట మూడవది. ఆ దినములలో ఇట్లు వ్రాసినవారు మిక్కిలి అరుదు.

వ్రాయుట వేరు, చేయుట వేరు. సబీన భర్త గెర్హార్డ్ లైబ్‌హోల్జ్ న్యాయశాస్త్రాచార్యుడు; యూదవంశీయుడు. ఆ ఏప్రిల్ నెలలోనే ఆయన తండ్రి మరణించెను. మృతుడు క్రైస్తవుడు కాడు. అంత్యక్రియల సమయమున నాలుగు మాటలు చెప్పుమని చెల్లెలి యింటివారు బోన్‌హోఫరును కోరిరి. ఆయన తన పై అధికారిని సంప్రదించెను. వలదని ఆ అధికారి చెప్పగా బోన్‌హోఫర్ ఆ మాటకు తలయొగ్గెను. కొన్ని నెలలైన పిమ్మట తాను అంత భయపడుట యెట్లు సంభవించెనో తనకే తెలియకున్నదనియు, క్షమింపవలసినదనియు వారికి జాబు వ్రాసెను. మహనీయుల చరిత్రలలో ఇట్టి సంగతులను దాచుట కొందరికి అలవాటు. కాని ఈ పశ్చాత్తాపమును విడిచినచో ఆయన ఆ తరువాత చేసిన పనులు సరిగా బోధపడవు.

1933 అక్టోబరులో ఆయన లండనుకు పోయి అచ్చటి రెండు జర్మను సంఘములకు బోధకుడయ్యెను. చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ ఆయనకు ఆప్తమిత్రుడయ్యెను. మరుసటి సంవత్సరము మే నెలలో జర్మనీలోని బార్మెన్ నగరమున, సంఘమునకు క్రీస్తు తప్ప మరియొక నాయకుడు లేడని ప్రకటించుచు కొందరు బోధకులును, విశ్వాసులును ఏకమైరి. ఆ ప్రకటనను ముఖ్యముగా రచించినవాడు కార్ల్ బార్త్ అను మహాపండితుడు. ఆ పక్షమునకు ఒప్పుకోలు సంఘమని పేరు. బోన్‌హోఫర్ దానిలో చేరెను. ఆ ఆగస్టులో డెన్మార్కునకు చెందిన ఫానో ద్వీపమున జరిగిన క్రైస్తవ మహాసభలో ఆయన శాంతిని గూర్చి ప్రసంగించెను. యుద్ధము వచ్చినచో ఏమి చేసెదవని ఒక స్వీడను దేశీయుడు సముద్రతీరమున ఆయన నడిగెను. ఆయుధము పట్టకుండునట్టి బలమును దేవుడు ప్రసాదించుగాక యని తాను ప్రార్థింతునని బోన్‌హోఫర్ ఉత్తరమిచ్చెను.

ఈ కాలముననే ఆయన మనస్సు మన దేశమువైపు మరలెను. భారతదేశమును చూడవలెనను కోరిక ఆయనకు చాలకాలమునుండి యుండెను. దానిని మొదట ప్రోత్సహించినది ఆ నాయనమ్మయే. ఆయుధము లేకయే అన్యాయమును ఎదిరించు మార్గమేదియో గాంధీ మహాత్మునికి తెలిసియున్నదనియు, కొండమీది ప్రసంగము ప్రకారము నడచుకొనుట యెట్లో ఒక హిందువునొద్ద నేర్చుకొనుట క్రైస్తవులకు సిగ్గుచేటు కాదనియు బోన్‌హోఫర్ తలచెను. 1934 అక్టోబరులో ఆయన గాంధీజీకి లేఖ వ్రాసెను. బిషప్పు బెల్ కూడ సిఫారసు చేసెను. నవంబరు 1 వ తేదీన గాంధీజీ ప్రత్యుత్తరము వ్రాసెను. తాను చెరసాలలో గాని, ప్రయాణములో గాని లేనిచో తనతోకూడ నుండవచ్చుననియు, ఆశ్రమపు శాకాహారమును, నిరాడంబర జీవనమును అంగీకరించుటయే చాలుననియు ఆయన ఆహ్వానించెను. కాని ఆ ప్రయాణము జరుగలేదు. ఒప్పుకోలు సంఘమువారు తమ యువబోధకులకు శిక్షణ నిచ్చుటకు రమ్మని బోన్‌హోఫరును పిలిచిరి. ఆయన స్వదేశమునకే మరలెను. ఆ యిరువురును కలిసికొనినచో ఏమి జరిగియుండెడిదో ఊహించుట వ్యర్థమే యైనను, భారతీయ పాఠకుడు ఊహింపకుండ నుండలేడు.

1935 లో మొదట బాల్టిక్ సముద్రతీరమున జింగ్‌స్ట్ గ్రామములోను, పిమ్మట స్టెటిన్ నగర సమీపమున ఫింకెన్‌వాల్డె గ్రామములోను ఆ శిక్షణాలయము నడచెను. గురుశిష్యులు ఒకే యింట వసించిరి. ప్రతిదినము అరగంటసేపు మౌనముగా ధ్యానము చేయవలెను. ఒకరు లేనిచోట వారిని గూర్చి మాటలాడరాదను నియమము కలదు. చదువుతోపాటు ఆటలును, సంగీతమును ఉండెను. ఒకనాడు వంటయింట సాయము కావలెనని కబురు రాగా శిష్యులలో ఎవరును కదలలేదు. బోన్‌హోఫర్ మాటాడక లేచి వెళ్ళి పాత్రలు కడుగసాగెను. శిష్యులు సిగ్గుపడి వెంట పరుగెత్తిరి. ఆయన లోపల గడియ వేసికొని వారిని రానీయలేదు. ఆ శిష్యులలో ఎబర్‌హార్డ్ బేత్గె అనువాడు ఆయనకు ప్రాణమిత్రుడయ్యెను.

1936 లో విశ్వవిద్యాలయమున బోధించు అధికారమును ప్రభుత్వము తొలగించెను. 1937 సెప్టెంబరు కడపట గెస్టపో అను రహస్య పోలీసులు వచ్చి శిక్షణాలయమును మూసివేసిరి. కొన్ని వారములలో పూర్వ శిష్యులు ఇరువదియేడుగురు నిర్బంధింపబడిరి. ఆ యేడే శిష్యత్వమను ఆయన గ్రంథము వెలువడెను. దేవుని కృప ఉచితమని చెప్పుకొని, ఏ త్యాగమును చేయక, ఏ మార్పును లేక, సుఖముగా నుండుటను ఆయన చవుక కృపయని పేర్కొనెను. నిజమైన కృప మిక్కిలి ఖరీదైనది. అది మనుజుని సర్వస్వమును కోరునని ఆయన బోధ. శిష్యులు చెరసాలకు పోవుచుండగా ఆ పుస్తకము అచ్చయినది గనుక చదివినవారికి అది వట్టి పాండిత్యముగా తోచలేదు.

1938 సెప్టెంబరులో సబీన భర్తతోను, ఇద్దరు కుమార్తెలతోను దేశము విడిచి ఇంగ్లండు చేరెను. నవంబరు 9 వ తేదీ రాత్రి జర్మనీ యంతట యూదుల ప్రార్థనా మందిరములు కాల్చబడినవి. బోన్‌హోఫర్ తన బైబిలులో డెబ్బది నాల్గవ కీర్తనయొద్ద, దేవుని మందిరములు దగ్ధమగుటను చెప్పు చరణము ప్రక్కన, ఆ తేదీని పెన్సిలుతో వ్రాసికొనెను. అంతకంటె మరేమియు వ్రాయలేదు.

యుద్ధము తప్పదని తోచుచుండెను. సైన్యమున చేరవలసినదని ఆజ్ఞ వచ్చినచో కాదనుట మరణముతో సమానము. స్నేహితులు ఆయన ప్రాణము కాపాడదలచిరి. రైన్‌హోల్డ్ నీబూర్ మొదలగు అమెరికను పండితులు న్యూయార్కులో పని కల్పించిరి. 1939 జూన్ 12 వ తేదీన ఆయన అచ్చట దిగెను. భద్రమైన దేశము, ఆదరించు మిత్రులు, చదువుకొనుటకు గొప్ప గ్రంథాలయము. కాని ఆయనకు నెమ్మది లేకపోయెను. స్వదేశ వార్తలకై తపించుచు నగరపు వీథులలో ఒంటరిగా తిరుగాడెను. దినచర్యలో తన సంశయములను వ్రాసికొనెను. తన ప్రజల కష్టకాలమున వారితో పాలుపంచుకొనినగాని, యుద్ధానంతరము వారి క్రైస్తవ జీవితమును పునరుద్ధరించుటలో తనకు హక్కు ఉండదని నీబూరునకు వ్రాసెను. ఒక నెలయైన నిండకముందే తిరిగి ఓడయెక్కెను. ఆ యేడు సెప్టెంబరులో యుద్ధము ప్రారంభమయ్యెను.

1940 జూన్ 17 వ తేదీన ఆయనయు, బేత్గెయు మేమెల్ పట్టణమున ఒక ఫలహారశాల తోటలో కూర్చుండిరి. ఫ్రాన్సు లొంగిపోయెనని ధ్వనివిస్తారకములో వార్త వచ్చెను. జనులు ఆనందముతో లేచి, చేతులు చాచి, హిట్లరు పక్షపు గీతము పాడసాగిరి. బేత్గె నిర్ఘాంతపోయి చూచుచుండగా బోన్‌హోఫర్ కూడ లేచి అందరివలె చేయి చాచెను! నీకు మతిపోయినదా, చేయి యెత్తుమని బేత్గె చెవిలో చెప్పెను. ప్రాణమునకు తెగింపవలసిన పనులు ముందున్నవనియు, ఈ వందనమునకై తెగించుట తగదనియు తరువాత వివరించెను. ఆనాటినుండి ఆయనది రెండు ముఖముల జీవితమయ్యెను.

అక్క క్రిస్టీన భర్త హాన్స్ ఫాన్ డోనాన్యీ సైనిక గూఢచారి శాఖలో ఉద్యోగి. ఆ శాఖాధిపతి అడ్మిరల్ కనారిస్, సేనాని ఓస్టర్ మొదలగువారు రహస్యముగా హిట్లరును కూలద్రోయ యత్నించుచుండిరి. బోన్‌హోఫర్ ఆ శాఖలో చేరెను. విదేశములందలి క్రైస్తవ మిత్రులనుండి సమాచారము తెచ్చుటయే ఆయన పనియని పైకి చెప్పిరి. నిజమునకు ఆయన జర్మనీలో ప్రతిఘటన కలదను వార్తను బయటికి కొనిపోవుచుండెను. 1942 మే కడపట స్వీడనులో బిషప్పు బెల్‌ను కలిసి కుట్రలోని ముఖ్యుల పేర్లు తెలిపెను. బెల్ ఆ సంగతిని బ్రిటిషు విదేశాంగమంత్రి ఈడెన్‌కు నివేదించెను. బదులిచ్చుట దేశక్షేమము కాదని మంత్రి నిరాకరించెను. ఆ యేడే డోనాన్యీ బృందము పదునలుగురిని, వారిలో పెక్కురు యూదులను, గూఢచారులని నెపముపెట్టి స్విట్జర్లండుకు దాటించెను. వారిని దాటించుటకై పంపిన సొమ్ము లెక్కల మూలముననే పిమ్మట గెస్టపోకు ఆచూకి దొరకెను.

శాంతిని బోధించినవాడు హత్యకు పూనుకొనిన వారితో చేరుట ధర్మమా? ఈ ప్రశ్న మనకు తోచుటకు ముందే ఆయనకు తోచెను. ఆ దినములలో నీతిశాస్త్రమను పేర వ్రాయుచుండిన గ్రంథమున దీనిని గూర్చి తర్కించెను. చంపుట పాపముకాదని ఆయన ఎన్నడును వాదింపలేదు. చేతులకు మరక యంటకుండుటకై ఊరకుండువాడును దోషియే. ఇతరుల కొరకు దోషమును తలదాల్చువాడు తన్ను నిర్దోషియని చెప్పుకొనక దేవుని తీర్పునకు విడువవలెనని ఆయన నిర్ణయించెను. ఈ నిర్ణయమును ఒప్పుకొననివారు ఆ కాలమునను కలరు, ఇప్పటికిని కలరు. ఆయన ఎవరి మెప్పును కోరలేదు.

1943 జనవరిలో మారియా ఫాన్ వేడెమాయర్ అను పదునెనిమిదేండ్ల యువతితో ఆయనకు వివాహము నిశ్చయమయ్యెను. ఏప్రిల్ 5 వ తేదీన ఆయన డోనాన్యీ యింటికి టెలిఫోను చేయగా ఎవరో అపరిచితుడు పలికెను. సంగతి గ్రహించి, ప్రక్కయింటనున్న అక్క ఉర్సులా యొద్దకు పోయి కడుపునిండ భోజనము చేసి, తన గదిలోని కాగితములను సర్దుకొని కూర్చుండెను. సాయంకాలము నాలుగు గంటలకు తండ్రి వచ్చి, ఇద్దరు మనుజులు నీతో మాటలాడ వచ్చిరని చెప్పెను.

బెర్లిన్ నగరమందలి టేగెల్ సైనిక కారాగారమున ఆయనను బంధించిరి. దుప్పట్లు దుర్గంధముచే కప్పుకొన వీలులేకుండెను. రొట్టెను నేలమీదకు విసరుచుండిరి. కావలివారు పలుకరింపరు. నగర సైనికాధికారి ఆయనకు మేనమామ వరుసయని తెలిసినపిదప వారి ప్రవర్తన మారెను. ఆ మార్పును చూచి ఆయన సిగ్గుపడెను. ఇంటివారు పంపు పుస్తకములలో రహస్య సందేశములు వచ్చుచుండెను. మొదటి పుటలో పేరు క్రింద గీత గీసియున్నచో సందేశము కలదని గుర్తు. కొన్ని పుటలకొకటి చొప్పున అక్షరముల క్రింద కనబడీ కనబడని పెన్సిలు చుక్కలు పెట్టుచుండిరి. ఆ యక్షరములను కూర్చి చదువుకొనవలెను. ఈ విధముగనే విచారణలో తామందరు ఒకే మాట చెప్పుటకు వీలయ్యెను.

పదునెనిమిది నెలలు ఆయన అచ్చట గడపెను. విమానదాడుల వేళ గాయపడిన ఖైదీలకు కట్లు కట్టెను. దయగల కావలివారు ఆయన జాబులను రహస్యముగా బయటికి చేర్చిరి. ఇటలీలో సైనికుడుగానున్న బేత్గెకు వ్రాసిన ఆ జాబులలో కొత్త ఆలోచనలు మెరసినవి. మనుజునికి తెలివి చాలనిచోట, బలము చాలనిచోట మాత్రమే దేవుని పిలుచుట తగదు; జీవిత మధ్యమున, బలములోను సంతోషములోను కూడ ఆయనను కనుగొనవలెను. దేవుడు ఈ లోకమున బలవంతుడై కాదు, బాధపడువాడై మనకు సాయపడుచున్నాడు. సంఘము ఇతరుల కొరకు జీవించినప్పుడే సంఘము. ఈ మాటల యర్థమును గూర్చి పండితులు నేటికిని వాదించుచున్నారు. అవి ఒక గ్రంథముగా పూర్తికాక జాబులలో తునుకలుగా మిగిలిపోయినవి.

1944 జూలై 20 వ తేదీన హిట్లరుపై జరిగిన ప్రయత్నము విఫలమయ్యెను. సెప్టెంబరులో కుట్రకు సంబంధించిన పత్రములు పోలీసుల చేత చిక్కినవి. నోబ్లాఖ్ అను కావలివాడు బోన్‌హోఫరును తప్పించుటకు సిద్ధపడెను. ఇంటివారు కూలివాని దుస్తులు కూడ సమకూర్చిరి. అంతలో అన్న క్లౌస్ పట్టుబడెను. తాను పారిపోయినచో తన వారిని బాధింతురని తలచి బోన్‌హోఫర్ ఆ యత్నమును మానుకొనెను. అక్టోబరు 8 వ తేదీన ఆయనను గెస్టపో నేలమాళిగకు మార్చిరి. 1945 ఫిబ్రవరి 7 వ తేదీన బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరమునకు తరలించిరి. ఎచ్చటికి కొనిపోయిరో ఇంటివారికి తెలియదు. ఆ చలికాలమున మారియా వెచ్చని బట్టల పెట్టె చేతబట్టుకొని, కొంత దూరము కాలినడకను, ఫ్లోసెన్‌బూర్గ్ శిబిరమువరకు వెదకుచు పోయెను. అట్టివాడెవడును ఇచ్చట లేడని చెప్పి ఆమెను పంపివేసిరి.

ఏప్రిల్ 8 వ తేదీ ఆదివారము. ఖైదీలను బవేరియాలోని షోన్‌బెర్గ్ గ్రామపు పాఠశాలలో ఉంచిరి. ప్రార్థన జరుపుమని తోడి ఖైదీలు ఆయనను కోరిరి. వారిలో పెక్కురు కాథలిక్కులు. ఒకడు రష్యాదేశపు నిరీశ్వరవాది. వారి మనస్సు నొప్పించుట ఇష్టములేక ఆయన సంకోచించెను. ఆ రష్యను కూడ అంగీకరించినపిదపనే ఒప్పుకొనెను. ఆనాటి పాఠములైన యెషయా గ్రంథపు వాక్యమును, పేతురు పత్రికా వాక్యమును వివరించెను. కడపటి ప్రార్థన ముగియుచుండగా తలుపు తెరచి ఇద్దరు వచ్చి ఆయనను లెమ్మనిరి. పోవుటకు ముందు ఆయన ఒక ఆంగ్లేయ ఖైదీతో బిషప్పు బెల్‌కు కబురు చెప్పెను. జన్మదినమునకు ఇంటినుండి వచ్చిన ప్లూటార్కు గ్రంథములో మొద్దు పెన్సిలుతో తన పేరు వ్రాసి బల్లమీద విడిచెను. ఆ పుస్తకము తరువాత ఇంటివారికి చేరెను. మరునాటి ఉదయమున, 1945 ఏప్రిల్ 9 వ తేదీన, ఫ్లోసెన్‌బూర్గ్ శిబిరములో కనారిస్, ఓస్టరులతో కూడ ఆయనను ఉరితీసిరి. అప్పటికాయనకు ముప్పది తొమ్మిదేండ్లు. రెండు వారములలో అమెరికను సైన్యము ఆ శిబిరమును విడిపించెను. ఆ నెలలోనే అన్న క్లౌస్, బావలు ఇద్దరు చంపబడిరి.

బెర్లినులోని వృద్ధులైన తలిదండ్రులకు నిజము చాలకాలము తెలియలేదు. జూలై 27 వ తేదీన వారు లండను రేడియో పెట్టిరి. ఒక చర్చిలో జరుగుచున్న సంస్మరణారాధన వినవచ్చుచుండెను. బిషప్పు బెల్ మాటలాడుచుండెను. తమ కుమారునికై ఆ ఆరాధన జరుగుచున్నదని వారప్పుడు గ్రహించిరి.

బేత్గెకు వ్రాసిన జాబులలో కొన్నింటిని అతని భార్య రెనాటె విషవాయువు ముసుగులుంచు డబ్బాలలో పెట్టి తోటలో పాతిపెట్టియుండెను. యుద్ధానంతరము వాటిని త్రవ్వి తీసిరి. బేత్గె 1951 లో వాటిని గ్రంథముగా ప్రకటించెను. అది అనేక భాషలలోనికి తర్జుమా చేయబడి లోకమంతట చదువబడినది. 1996 లో బెర్లిన్ న్యాయస్థానము ఆయనకు విధింపబడిన శిక్ష అన్యాయమైనదని తీర్మానించెను. 1998 లో లండనులోని వెస్ట్‌మినిస్టరు ఆబీ పడమటి ద్వారముపై ఇరువదవ శతాబ్దపు హతసాక్షులు పదిమంది విగ్రహములను నిలిపినప్పుడు వారిలో ఆయనను కూడ నిలిపిరి. మారియా అమెరికాకు పోయి గణితశాస్త్రము చదివి కంప్యూటరు రంగమున పనిచేసెను. చెరసాలనుండి ఆయన ఆమెకు వ్రాసిన జాబులు ఆమె మరణానంతరము 1992 లో అచ్చయ్యెను.

సబీనయు, ఆమె భర్తయు యుద్ధానంతరము జర్మనీకి తిరిగివచ్చిరి. తండ్రి అంత్యక్రియలకు రెండు మాటలు చెప్పువాడు కరవైన ఆ గెర్హార్డ్ లైబ్‌హోల్జ్, 1951 నుండి ఇరువదేండ్లు ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండెను.